శ్రీకాకుళం రోడ్డు రైల్వే స్టేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగానికో పెళ్లికో అరసవల్లి దర్శనానికో శ్రీకాకుళం వచ్చేవాళ్లు, పండక్కి ఊరొచ్చే మన పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే సంగతులివి. రైళ్ల వేళలు మాత్రం ఇక్కడ లేవు. అవి మారిపోతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు 139కి ఫోన్ చేసి గానీ, యాప్‌లో గానీ చూసుకోండి.

శ్రీకాకుళంలో రైల్వే స్టేషన్ ఉందా, లేదా?

ఊళ్లో లేదు. స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. శ్రీకాకుళం టౌన్‌కి అక్కడి నుంచి దాదాపు 13 కిలోమీటర్లు. బోర్డు మీదా టికెట్ మీదా ‘శ్రీకాకుళం రోడ్డు’ అని ఉంటుంది. ఇక్కడివాళ్లు ‘ఆమదాలవలస స్టేషన్’ అంటారు. రెండూ ఒకటే. దిగాల్సింది ఆమదాలవలసలో అని మేనమామ ఫోన్లో చెప్తాడు, టికెట్ చూస్తే ఆ పేరే కనపడదు. కొత్తల్లుళ్లకి మొదటి టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

పేరు చివర ‘రోడ్డు’ ఉంటే ఊరు పట్టాల పక్కన లేదని, అక్కడ దిగి రోడ్డు పట్టుకుని వెళ్లాలని అర్థం. మార్కాపురం రోడ్డు, మంత్రాలయం రోడ్డు, మదనపల్లె రోడ్డు అన్నీ ఈ కోవలోవే. మన జిల్లాలోనే మందస రోడ్డు ఇంకొకటి ఉంది. అయితే జిల్లా కేంద్రానికి ఇలా కావడం వల్ల వచ్చిన చిక్కు వేరు. కలెక్టరేట్ పని మీద వచ్చినా, ఆసుపత్రికి వచ్చినా రైలు దిగాక ఇంకో ప్రయాణం మిగిలే ఉంటుంది. కింద చెప్పేవాటిలో చాలామటుకు ఈ 13 కిలోమీటర్ల చుట్టూ తిరిగేవే.

స్టేషన్ కోడ్ ‘సి.హెచ్.ఇ’ ఎందుకు? అది చెన్నై కాదా?

కాదు. చెన్నై సెంట్రల్ కోడ్ ‘ఎం.ఏ.ఎస్’, మద్రాసు రోజుల నాటిది. మన కోడ్ కూడా అలాంటి పాతదే. ఇంగ్లీషు వాళ్లు శ్రీకాకుళాన్ని ‘చికాకోల్’ అనేవారు, అందులోంచి వచ్చింది. ఊరి పేరు మారినా కోడ్ మారలేదు. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు కోడ్ పక్కనున్న పూర్తి పేరు కూడా చదివి నొక్కండి.

ఈ లైన్ ఎప్పుడు వచ్చింది? ఎవరు వేశారు?

బెజవాడ నుంచి కటక్ దాకా తీరం వెంబడి లైన్ వేసింది ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. 1893 నుంచి 1896 మధ్య ముక్కలు ముక్కలుగా తెరిచారు. అప్పటికి మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు: చికాకోల్ తాలూకా ఆ రోజుల్లో గంజాం జిల్లాలోది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఇటు తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. అంటే జిల్లా కంటే స్టేషన్ అర్ధ శతాబ్దం పైగా పెద్దది.

రైలు రాకముందు దూర ప్రయాణమంటే మద్రాసు, కలకత్తాలను కలిపే పెద్ద రోడ్డు మీద ఎడ్ల బళ్లు, లేకపోతే కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి ఓడలు. సరుకు కూడా రేవులకే చేరేది. పట్టాలు పడ్డాక ఆ సరుకు పట్టాలెక్కింది, రేవుల సందడి తగ్గిపోయింది. కళింగపట్నంలో ఇప్పుడు లైట్‌హౌస్ చూడటానికి వెళ్తున్నాం గానీ ఓడ ఎక్కడానికి కాదు.

ఇక చేతులు మారిన చరిత్ర. వాల్తేరుకి, అంటే విశాఖకి, దక్షిణంగా ఉన్న భాగాన్ని 1901లో మద్రాస్ రైల్వే తీసుకుంది. ఉత్తర భాగం, అంటే మనది, 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకి వెళ్లింది. ముసలాళ్లు ‘బి.ఎన్.ఆర్.’ అనేది దీన్నే. 1944లో అది ప్రభుత్వ పరమైంది. 1952లో తూర్పు రైల్వే, 1955లో ఆగ్నేయ రైల్వే, 2003 ఏప్రిల్ 1 నుంచి భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే. ఇన్ని బోర్డులు మారాయి గానీ పట్టాలు వెళ్లే దారి అదే. దక్షిణాన నాగావళి, ఉత్తరాన వంశధార, ఈ రెండు నదుల మధ్య మన స్టేషన్.

విశాఖ జోన్‌లో మన స్టేషన్ ఉందా?

ఉంది. దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. ప్రధాన కార్యాలయానికి విశాఖలో శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. మొదట వాల్తేరు డివిజన్‌ను ఎత్తేస్తామన్నారు, దాని మీద ఇక్కడ గట్టిగానే గొడవ జరిగింది. చివరికి 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ డివిజన్‌ను కుదించి, విశాఖపట్నం డివిజన్ అని పేరు మార్చి ఉంచాలని నిర్ణయించింది. ఒడిశా వైపు భాగాలు కొత్త రాయగడ డివిజన్‌కు వెళ్తాయి. పలాస నుంచి విశాఖ మీదుగా దువ్వాడ వరకు ఉన్న మెయిన్ లైన్ విశాఖ డివిజన్‌లోనే ఉంటుంది కాబట్టి ఆమదాలవలస దాని కిందికే వస్తుంది.

పలాస దాటాక కథ వేరు. మందస రోడ్డు, సోంపేట, ఇచ్ఛాపురం మన జిల్లావే అయినా రైల్వే లెక్కలో ఖుర్దా రోడ్డు డివిజన్‌వి. ఒకే జిల్లాకి ఇద్దరు పెద్దలన్నమాట. హాల్ట్ కావాలని అర్జీ పెట్టుకునేవాళ్లు ఏ స్టేషన్ ఎవరి కిందుందో ముందు తేల్చుకోవాలి. తప్పు ఆఫీసుకి పంపిన అర్జీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

నేను వెళ్లాల్సిన ఊరికి ఏ స్టేషన్ దగ్గర?

ఇది తెలీక చాలామంది డబ్బులూ టైమూ పోగొట్టుకుంటారు. విజయనగరం నుంచి ఉత్తరంగా వస్తుంటే వరసగా నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, బాతువ, సిగడాం, పొందూరు, దూసి, తర్వాత శ్రీకాకుళం రోడ్డు. అది దాటాక ఊర్లాం, తిలారు, హరిశ్చంద్రపురం, కోటబొమ్మాళి, దండుగోపాలపురం, నౌపడ, పూండి, పలాస. వీటిలో చాలావాటిలో ప్యాసింజర్లు, మెములు (కరెంటుతో నడిచే లోకల్ బళ్లు) మాత్రమే ఆగుతాయి.

శ్రీకాకుళం, ఆమదాలవలస, బూర్జ, పాలకొండ వైపు వాళ్లు ఇక్కడే దిగాలి. పాలకొండకి రైలు లేదు, ఆ దారి బస్సులు ఆమదాలవలస మీదుగా వెళ్తాయి. రాజాం వెళ్లేవాళ్లు చీపురుపల్లిలోనో పొందూరులోనో దిగడం మేలు, ఇక్కడి దాకా వస్తే వెనక్కి వెళ్లినట్టే. నరసన్నపేటకి ప్యాసింజర్ అయితే తిలారు, ఊర్లాం దగ్గర. ఎక్స్‌ప్రెస్ అయితే ఇక్కడ దిగి బస్సు ఎక్కాలి. టెక్కలి వాళ్లకి నౌపడ. కాశీబుగ్గ, ఉద్దానం వాళ్లకి పలాస, అక్కడ ఎక్స్‌ప్రెస్‌లు బాగానే ఆగుతాయి. కంచిలి వాళ్ల స్టేషన్ పేరు సోంపేట. పార్వతీపురం, బొబ్బిలి వైపు వెళ్లాలంటే విజయనగరంలో మారాలి. రాయపూర్ లైన్ అక్కడే విడిపోతుంది.

స్టేషన్ నుంచి టౌన్‌కి ఎలా వెళ్లాలి?

పగలైతే ఇబ్బంది లేదు. స్టేషన్ బయట షేర్ ఆటోలుంటాయి, శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి, అంటే బస్టాండుకి, ఆర్టీసీ బస్సులు తిరుగుతాయి. ‘ఏటి బాబూ, టౌన్‌కేనా?’ అని ఆటోవాళ్లే పిలుస్తారు. ఎక్కేముందు ఎంతో అడగండి. నలుగురితో కలిసి వెళ్తున్నారా, ఆటో మొత్తం మీకేనా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. గొడవలన్నీ ఈ రెండో విషయం దగ్గరే వస్తాయి.

అసలు సమస్య రాత్రిపూట. ఈ లైన్లో దూరం బళ్లు అర్ధరాత్రి, తెల్లవారుజామున వచ్చేవి చాలా ఉన్నాయి. ఆ వేళ బస్సుండదు, ఆటో ధర పగటి ధర కాదు. ఇంటి నుంచి బండి తెచ్చేవాళ్లుంటే ముందే చెప్పుకోవాలి. లేకపోతే, ముఖ్యంగా ఆడవాళ్లు, పిల్లలతో వచ్చేవాళ్లు వెలుగొచ్చేదాకా వెయిటింగ్ హాల్లో కూర్చుని మొదటి బస్సుకి వెళ్లడమే నయం. అదనంగా పోయేది రెండు గంటల నిద్ర. వెళ్లేటప్పుడు కూడా అంతే. బండి వేళకి ముప్పావు గంట ముందు టౌన్‌లో బయలుదేరితే చాలనుకుంటారు. పెళ్లిళ్ల రోజుల్లో, ఆదివారాల్లో ఆ లెక్క సరిపోదు. గంటన్నర పెట్టుకోండి.

ఏయే రైళ్లు ఆగుతాయి?

హైదరాబాద్ వైపు వాళ్లకి పేరు మోసినవి ఫలక్‌నుమా, విశాఖ, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు. ముంబై వెళ్లేవాళ్లకి కోణార్క్. బెంగళూరుకి ప్రశాంతి. విశాఖ–పలాస, విశాఖ–గుణుపూర్ ప్యాసింజర్లు రోజువారీ జనానికి ప్రాణాధారం. విజయనగరం ఇక్కడి నుంచి దాదాపు 70 కిలోమీటర్లు, విశాఖ దాదాపు 130. చదువుకి, ఆసుపత్రికి, కోర్టు పనులకి ఈ బళ్లమీదే వెళ్లొస్తుంటారు. 2024 మార్చి నుంచి భువనేశ్వర్–విశాఖ వందే భారత్ కూడా ఇక్కడ ఆగుతోంది. సౌకర్యమే, కానీ ఆ ఛార్జీ పెట్టి వెళ్లేవాళ్లకీ, ప్యాసింజర్ ఆలస్యమైందని స్తంభానికి ఆనుకుని నిలబడేవాళ్లకీ సంబంధం తక్కువ. నన్నడిగితే మన జిల్లాకి ముందు కావలసింది సరైన వేళకి నడిచే ఇంకో రెండు మెములు.

ఆగే స్టేషన్లు అప్పుడప్పుడు కలుపుతుంటారు, తీసేస్తుంటారు కూడా. పాత అలవాటు మీద టికెట్ తీయకండి.

ఇక్కడి నుంచి బుక్ చేస్తే ఎప్పుడూ వెయిటింగ్ లిస్టే ఎందుకు వస్తుంది?

ఫలక్‌నుమా హౌరాలో బయలుదేరుతుంది, విశాఖ ఎక్స్‌ప్రెస్ భువనేశ్వర్‌లో. బెర్తుల్లో పెద్ద వాటా బయలుదేరే స్టేషన్ నుంచి చివరిదాకా వెళ్లేవాళ్లది. మధ్య స్టేషన్లకు చిన్న కోటాలు పెడతారు, లేదా కొన్ని స్టేషన్లకు కలిపి ఒకే కోటా పెడతారు. అందుకే మీ టికెట్ మీద వెయిటింగ్ నంబరు ముందు ‘ఆర్.ఎల్.’ అనో ‘పి.క్యూ.’ అనో ఉంటుంది. ‘ఆర్.ఎల్.’ అంటే మధ్య స్టేషన్ కోటా, ‘పి.క్యూ.’ అంటే ఉమ్మడి కోటా. ‘జి.ఎన్.’ అని ఉన్న మామూలు లిస్టుతో పోలిస్తే ఈ రెండూ ఖాయమయ్యే అవకాశం తక్కువ. జనరల్ లిస్టులో 30 చూసి కూడా ధైర్యంగా ఉండొచ్చు గానీ, ఈ లిస్టుల్లో 10 చూసినా వేరే ఏర్పాటు చేసుకోవాలి.

రెండు దార్లున్నాయి. ఒకటి, బుకింగ్ తెరిచిన రోజే తీయడం. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది, పాత లెక్కలో ఉండకండి. రెండోది, విశాఖలోనే బయలుదేరే బళ్లు పట్టుకోవడం. గోదావరి ఎక్స్‌ప్రెస్ అలాంటిదే. ఉదయం ప్యాసింజర్లో విశాఖ వెళ్లి, సాయంత్రం అక్కడ ఎక్కేవాళ్లు మనలో బోలెడంతమంది. కొంచెం శ్రమ, కానీ బెర్తు దొరుకుతుంది. మధ్యలో గంటో రెండు గంటలో ఉంచుకుంటే చాలదు, ప్యాసింజర్ మీద అంత నమ్మకం వద్దు.

తత్కాల్ ఏసీ తరగతులకు ప్రయాణానికి ముందు రోజు ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కి 11కి తెరుచుకుంటుంది. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. ఇది ఆ ఉదయమే కూర్చుని చేసుకునే పని కాదు. ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ చార్టు వేశాక కూడా మొత్తం వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది. దాంతో స్లీపర్ ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క.

జనరల్ టికెట్ ముందు రోజు తీసుకోవచ్చా?

దూరాన్ని బట్టి. 200 కిలోమీటర్లు, ఆపైన అయితే మూడు రోజుల ముందు నుంచీ తీసుకోవచ్చు. అంతకు తక్కువైతే టికెట్ తీసిన మూడు గంటల్లోగా గానీ, ఆ తర్వాత వచ్చే మొదటి బండికి గానీ బయలుదేరాలి. విజయనగరం, విశాఖ ఈ రెండో లెక్కలోకి వస్తాయి, రాజమండ్రి మొదటి దాంట్లోకి. ఫోన్లో యాప్ ద్వారా తీస్తే కౌంటర్ దగ్గర నిలబడక్కర్లేదు. ప్యాసింజర్ టికెట్‌తో సూపర్‌ఫాస్ట్ ఎక్కొద్దు. ‘తెలీదండీ’ అంటే టీటీ వినడు.

స్టేషన్‌లో ఏమేం ఉన్నాయి?

రిజర్వేషన్, జనరల్ టికెట్ కౌంటర్లు, వెయిటింగ్ హాలు, ప్లాట్‌ఫారాల మధ్య కాలివంతెన, తాగునీళ్లు, టిఫిన్, టీ స్టాళ్లు. స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ స్టేషన్ పథకంలో మన స్టేషన్ ఉంది, విజయనగరం, పలాస, నౌపడ, చీపురుపల్లి కూడా ఉన్నాయి. ఆ పనులు జరుగుతున్న రోజుల్లో దార్లు అటూ ఇటూ మారుతుంటాయి, బోర్డులు చూసి నడవండి. పెద్ద సామాను స్టేషన్‌లో పెట్టి ఊరు చూసొద్దామని మాత్రం ప్లాన్ వేసుకోకండి. టౌన్‌లో లాడ్జి తీసుకుంటే గుడికి కూడా అదే దగ్గర. వృద్ధులతో వెళ్తే ఏ ప్లాట్‌ఫారమో ప్రకటన వినేదాకా ఆగి, అప్పుడే వంతెన ఎక్కించండి.

అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం ఒకే రోజులో చూడొచ్చా?

పొద్దున్నే దిగితే చూడొచ్చు. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి టౌన్‌ని ఆనుకునే ఉంది. శ్రీకూర్మం అక్కడి నుంచి ఇంకాస్త సముద్రం వైపు. శ్రీముఖలింగం మాత్రం వేరే దిక్కు, వంశధార ఒడ్డున, శ్రీకాకుళం నుంచి దాదాపు 45 కిలోమీటర్లు. దానికి దగ్గర స్టేషన్ తిలారు. కాబట్టి ముందు అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని, మధ్యాహ్నం భోజనం చేసి ముఖలింగం వెళ్లండి. రథసప్తమి రోజూ, మూలవిరాట్టు పాదాలను సూర్యకిరణాలు తాకే మార్చి, అక్టోబర్ రోజుల్లోనూ, ఆదివారాల్లోనూ ఈ లెక్క పనిచేయదు. అప్పుడు అరసవల్లికే పూట పడుతుంది. సమయం మిగిలితే శాలిహుండం బౌద్ధ స్తూపాలు చూడండి, జనం తక్కువ, గాలి బాగుంటుంది.

పండక్కి ఎందుకంత రద్దీ?

మన జిల్లా మనుషులు ఊరి బయటే ఎక్కువ బతుకుతారు కాబట్టి. ఒకప్పుడు ఓడలెక్కి రంగూన్ వెళ్లారు. ఇప్పుడు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల పనులకి, చెన్నైకి, చేపల వేటకి గుజరాత్ తీరానికి వెళ్తున్నారు. సంక్రాంతికి అందరూ ఒకేసారి వస్తారు, కనుమ దాటగానే ఒకేసారి వెళ్తారు. జనరల్ బోగీలో కాలు పెట్టే చోటుండదు. ప్రత్యేక రైళ్లు వేస్తారు గానీ వాటి ప్రకటన ఆలస్యంగా వస్తుంది, అందుకే డిసెంబర్ చివరి నుంచి రోజూ చూస్తుండండి. తిరుగు ప్రయాణం కనుమ మర్నాడు కాకుండా రెండు మూడు రోజులు ఆగి పెట్టుకోగలిగినవాళ్లు అదృష్టవంతులు. కూలి పనికి వెళ్లేవాళ్లకి ఆ వీలుండదని తెలుసు.

సామాను ఎంత తీసుకెళ్లొచ్చు?

జనరల్‌లో 35 కిలోలు, స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ 40, సెకండ్ ఏసీలో 50 ఉచితం. బియ్యం బస్తా, పనసకాయలు, అమ్మ కట్టిన పచ్చడి డబ్బా అన్నీ కలిపే ఆ లెక్క.

రైలు మధ్యలో ఆగిపోతే దిగి నడిచి వెళ్లొచ్చా?

వద్దు. ఈ మాట గట్టిగా చెప్పడానికి మన లైన్లోనే కారణాలున్నాయి. 2013 నవంబర్‌లో విజయనగరం దగ్గర గొట్లాంలో, రైల్లో మంటలన్న పుకారుకి భయపడి జనం పక్క పట్టాల మీదికి దిగారు. ఆ పట్టాల మీద వేరే రైలొచ్చింది. 2022 ఏప్రిల్‌లో సిగడాం మండలం బాతువ దగ్గర ఆగిన రైలు దిగి పట్టాల మీద నిలబడ్డవాళ్ల మీదికి ఇంకో ఎక్స్‌ప్రెస్ వచ్చింది. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఇది రెండు వైపులా ఎడతెగకుండా రైళ్లు తిరిగే లైన్. కరెంటు ఇంజన్ బళ్లు చప్పుడు వినపడేసరికి మీద ఉంటాయి, రాత్రైతే వేగం అంచనా అందదు. నిజంగా పొగ కనిపిస్తే పక్క బోగీలోకి వెళ్లండి. దిగక తప్పకపోతే రెండో పట్టా లేని వైపే దిగి, దూరంగా గట్టు కిందికి వెళ్లండి. సాయానికి 139.

తుపాను రోజుల్లో ఏం చేయాలి?

అక్టోబర్ నెల మనకి బాగా అనుభవమే. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. అలాంటప్పుడు రైళ్లు ఆపేస్తారు, దారి మళ్లిస్తారు. రైల్వేయే రద్దు చేస్తే డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది. మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకున్నా, బండి బయలుదేరేలోపు అర్జీ పెడితే వస్తుంది. టౌన్ నుంచి 13 కిలోమీటర్లు గాలివానలో వచ్చి, రైలు లేదని తెలుసుకోవడం కంటే ఇంట్లోంచే కనుక్కోవడం మంచిది.

నౌపడ నుంచి వెళ్లే గుణుపూర్ లైన్ పాత చిన్న రైలేనా?

అదే దారి, రైలు వేరు. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల నేరో గేజ్ లైన్ 1900లో మొదలైంది. 1931 నాటికి గుణుపూర్ దాకా పెంచారు. తర్వాత బ్రాడ్ గేజ్‌గా మార్చారు, 2011లో పెద్ద రైలు గుణుపూర్ చేరింది. టెక్కలి, పాతపట్నం వాళ్లు విశాఖకి ఒకే బండిలో వెళ్లగలుగుతున్నది దానివల్లే.

దింపడానికి వచ్చినవాళ్లకి టికెట్ కావాలా?

కావాలి. ప్లాట్‌ఫారం టికెట్ 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. వందే భారత్ ఎక్కించడానికి వస్తే మాత్రం సామాను గుమ్మం దగ్గరే అందించి ఆగిపోండి. ఆగేది కాసేపే, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. అత్తగారి బ్యాగు పైన సర్దడానికి లోపలికి వెళ్లారంటే ఒకవైపు విజయనగరం, ఇంకోవైపు పలాస వచ్చేదాకా దిగే వీల్లేదు, పైగా టికెట్ లేనందుకు జరిమానా.